వేళ చూసుకోని స్వభావం

గడియారం అయిదు కొట్టగానే మేస్త్రి గారి అమ్మాయి బల్ల తుడిచి, చాకూ బ్రష్షూ డబ్బాలో సర్ది, ఏప్రను విప్పి కొక్కేనికి తగిలించి, "వస్తానండీ" అని వెళ్ళిపోయేది. ఇంతే. ఇందులో ఏముంది అంటారా? ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆ షాపులో పెద్ద గొడవైపోయింది.

అది కట్టుడు పళ్ళు చేసే షాపు. రెండో అంతస్తులో పొడుగాటి గది, ఆరు బల్లలు, రోడ్డు వైపు మూడు కిటికీలు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపుతారు. ఇక్కడ వాటిలో ప్లాస్టరు పోసి దవడ తీస్తారు, మైనంలో పళ్ళు పేరుస్తారు, ఉడికిస్తారు, అరగదీస్తారు, మెరుగు పెడతారు. ఎన్నడూ మొహం చూడని మనుషుల నోళ్ళన్నీ ఆ బల్లల మీద వరసగా తెరుచుకుని ఉంటాయి. కొత్తవాళ్ళు చూసి జడుసుకుంటారు. అలవాటైనవాళ్ళు వాటి పక్కనే టీ గ్లాసు పెట్టుకుంటారు.

పని వేళలు తొమ్మిది నుంచి అయిదు అని తలుపు మీద బోర్డు ఉంది. ఆ బోర్డుని ఎవరూ నమ్మరు. మేస్త్రి లేస్తే గానీ ఎవరూ లేవకూడదు. ఈ రూలు ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చేరిన రెండో రోజుకల్లా అందరికీ అదే ఒంటబట్టేస్తుంది. మేస్త్రి ఆ కుర్చీలో కూర్చుని ఇరవై ఆరేళ్ళు. ఏడున్నరకి ముందు లేచిన దాఖలా ఒక్కటీ లేదు. "వేళకి లేచిపోయేవాడు పనివాడు కాదు, చుట్టం" అనేది ఆయన మాట.

మరి ఎప్పుడైనా పెందలాడే వెళ్ళాలంటే? కారణం చెప్పాలి. చిన్నాచితకా కారణాలు చెల్లవు, బరువైనది కావాలి. పళ్ళకి మెరుగు పెట్టేవాడు షాపులో అందరికీ బాబాయే. అతనికి ఉన్నది ఒకే ఒక మేనత్త, ఆవిడ ఇప్పటికి మూడుసార్లు పోయింది. మూడోసారి మేస్త్రి కళ్ళజోడు పైకి జరిపి, "పాపం, ఆవిడకి ఎన్నిసార్లొచ్చిందయ్యా కష్టం" అన్నాడు. అని, వెళ్ళనిచ్చాడు. అబద్ధమైనా సరే, కారణం కారణమే. మైనంలో పళ్ళు పేర్చే ఆవిణ్ణి అందరూ మైనం అక్క అంటారు. ఆవిడ కొడుకు స్కూల్లో నెలకి రెండు మీటింగులుంటాయి. ఆ కొడుకు చదువు ముగించి ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది.

ఇలాంటి చోట ఇరవై మూడేళ్ళ పిల్ల, అందులోనూ సాక్షాత్తూ మేస్త్రి కూతురు, ఏ కారణమూ చెప్పకుండా అయిదింటికి లేచిపోతుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

"పెళ్ళిచూపులేమైనానా?" అని మొదటి వారంలో మైనం అక్క అడిగింది.

"కాదక్కా."

"ఏదన్నా కోర్సులో చేరావా?"

"లేదక్కా."

"మరెందుకే?"

"అయిదైంది కదా. చేతిలో పని అయిపోయింది."

"పోనీ ఏదో ఒకటి చెప్పవే తల్లీ, మా మనశ్శాంతి కోసమైనా!"

అమ్మాయి నవ్వి మెట్లు దిగేసింది. నెల తిరక్కుండానే బాబాయి ఆమెకి 'అయిదింటి బండి' అని పేరు పెట్టేశాడు. ఆమె ఏప్రను ముడి విప్పుతుంటే చాలు, "బండి కదుల్తోందర్రా" అనేవాడు. ఆ మాటలో ఎగతాళి ఎంతో, కుళ్ళూ అంతే.

ఇంతకీ అయిదు తర్వాత ఆ అమ్మాయి ఏం చేసేది అంటారా? చెప్పను. ఆమే చెప్పనప్పుడు మధ్యలో నాకేం పట్టింది?

బద్ధకస్తురాలు అనుకునేరు, ఆ మాట మాత్రం ఒప్పుకోను. తొమ్మిదింటి షాపుకి పావు తక్కువకే వచ్చేది. ఆమె పోసిన ప్లాస్టరులో ఒక్క బుడగ ఉండేది కాదు. దంతాన్ని దవడలో కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు ఆమెది, అచ్చం తండ్రిలాగే. పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారి తండ్రికి భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చి, మధ్య కిటికీ పక్కన ఉన్న సెరామిక్ బల్ల చూసింది. ముందు పళ్ళు చేసేది అక్కడే. పింగాణీ పిండిని పొర మీద పొరగా అద్ది, కొలిమిలో కాల్చి, పక్క పంటి రంగుతో పగటి వెలుతుర్లో పోల్చి చూస్తారు. అంచు దగ్గర గాజులా పారదర్శకంగా, చిగుళ్ళ దగ్గర కాస్త పసుపుగా, మధ్యలో ఎవరికి ఎంత వయసుంటే అంత మాసిపోయి ఉండాలి. ఆ రోజు అక్కడ నిలబడిపోయిన పిల్ల మనసు మళ్ళీ ఇంకో పని మీదకి పోలేదు. ఆ బల్ల దగ్గర పర్మనెంటు అయినవాళ్ళనే కూర్చోనిస్తారు. ఇప్పుడది ఖాళీగా ఉంది. ఆమె ఆరు నెలల పరిశీలన శుక్రవారంతో పూర్తవుతుంది. మేస్త్రి ఫారం నింపి సంతకం పెడితే, ఓనరు ఆర్డరిస్తాడు. సోమవారం నుంచి ఆ బల్ల ఆమెది.

గురువారం పొద్దున్న ఇంట్లో మేస్త్రి ఆ ఫారం కాఫీ కప్పు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. షాపులో 'మేస్త్రి గారూ, మీరు' అని పిలవాలని కూతురికి ఆయన పెట్టిన నియమం. ఇంట్లో మాత్రం నాన్నే.

"నాలుగు గడులున్నాయి. పనితనం, శుభ్రత, నడవడిక. ఈ మూడింటికీ ఢోకా లేదు. నాలుగోది నువ్వే చదువు," అన్నాడు.

అమ్మాయి వంగి చదివింది. 'వేళ చూసుకోని స్వభావం: ఉంది / లేదు.'

"ఇదేం గడి నాన్నా! ఇదో స్వభావమా?"

"పెద్ద ఓనరు గారు పెట్టించింది. ఇన్నేళ్ళలో ఆ గడిలో 'లేదు' అని రాయించుకున్నవాడు ఒక్కడూ లేడు."

"అయితే నాకు రాయి. నిజం అదే కదా."

"రాస్తే బల్ల రాదే పిచ్చిదానా! ఇంకో ఆరు నెలలు ప్లాస్టరు కలుపుకుంటూ కూర్చోవాలి. అప్పటికి ఆ బల్ల మీద ఇంకెవడో ఎక్కి కూర్చుంటాడు." మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యి. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు, సాయంత్రం దగ్గరుండి చూసుకోవాలి అని చెప్పు. మిగతాది నేను ఓనరు చెవిలో వేస్తాను."

"నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి," అంది వంటింట్లోంచి తల్లి. "మీ గొడవలోకి నా మోకాళ్ళని లాగకండి."

"విన్నావుగా," అంది అమ్మాయి.

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. "అసలు ఏం చేస్తావే అయిదు నుంచి? అది చెప్పు, పోనీ అదే రాస్తాను."

"ఏం చేస్తే ఒప్పుకుంటావు నాన్నా? చదువుకుంటున్నానంటే ఒప్పుకుంటావు. ఇంకో ఉద్యోగం చేస్తున్నానంటే ఇంకా మెచ్చుకుంటావు. మంచాన పడ్డవాళ్ళకి సేవ చేస్తున్నానంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటావు. ఊరికే కూర్చుంటున్నా అంటే మాత్రం నీకు నచ్చదు. సరే, ఊరికే కూర్చుంటున్నాననే అనుకో."

"మీ కాలం పిల్లలకి కష్టమంటే ఏంటో తెలీదు."

"కష్టం తెలుసు. పనైపోయాక కూడా కుర్చీని అంటిపెట్టుకుని ఉండటం తెలీదు."

"మా వాళ్ళని చూసి నేర్చుకో. 'ఇక వెళ్ళండ్రా' అని నేనే అంటాను, అయినా ఒక్కడు కదలడు! ఏడు దాటినా వంచిన తల ఎత్తరు. పని మీద అలాంటి ప్రేమ ఉండాలి. మీ అమ్మనడుగు, ఎన్నిసార్లు చెప్పుకుని మురిసిపోయానో."

అమ్మాయి నోరు తెరిచి మళ్ళీ మూసేసుకుంది. వెళ్ళండ్రా అన్న మాట ఆయన తలెత్తకుండా, చాకు ఆపకుండా అంటాడు. దాన్ని షాపులో అందరూ పరీక్ష అనుకుంటారు. గడియారం మీద దుమ్ము దులిపే వంకతో మైనం అక్క సాయంత్రానికి ఎన్నిసార్లు టైము చూస్తుందో ఆమెకి తెలుసు. పాపం, అంత గర్వంగా చెప్తున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి ఫారం మడిచి కూతురి చేతికిచ్చాడు. "ఓనరు గారి బల్ల మీద పెట్టెయ్. నాలుగున్నరకి వస్తారు," అన్నాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఓనరు గది షాపుకి ఆ చివర. అక్కడికి వెళ్ళి మడత విప్పింది. పనితనం, చాలా మంచిది. శుభ్రత, మంచిది. నడవడిక, మంచిది. నాలుగో గడిలో గుండ్రటి అక్షరాలతో 'ఉంది'.

ఆ ఒక్క మాట చూసి ఆమెకి ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది, రెండూ ఒకేసారి. వెంట్రుకవాసి తేడా ఉంటే చేసిన పంటిని సుత్తితో పగలగొట్టి మళ్ళీ మొదలుపెట్టే మనిషి ఆయన. డాక్టరు సరే అన్నా, పేషెంటు సరే అన్నా తాను సరే అనడు. అలాంటి మనిషి కూతురి కోసం అబద్ధం రాశాడు. ఆ ప్రేమకి కడుపు నిండిపోయింది. కానీ ఆ ప్రేమ తీసుకుంటే ఏమవుతుంది? సోమవారం అయిదింటికి లేస్తే, ఫారంలో ఉంది అని రాశారే అంటారు. నాన్న మాట పోతుంది. మాట నిలబెట్టాలంటే తాను కూర్చోవాలి. సోమవారం, మంగళవారం, అలా ఇరవై ఆరేళ్ళు.

చూసేవాళ్ళెవరూ లేరు. కాగితం మడిచి పెట్టేస్తే సరిపోతుంది. తలుపు సందులోంచి సెరామిక్ బల్ల కనిపిస్తోంది, దాని మీద పగటి ఎండ పడుతోంది. అది ఎంతగానో కావాలనిపించింది. అయిదు నిమిషాలు అలాగే నిలబడింది. ఏమాటకామాటే చెప్పాలి, ఒకసారి మడిచేసింది కూడా. మళ్ళీ విప్పింది. బల్ల మీదున్న పెన్ను తీసుకుని, 'ఉంది' మీద అడ్డంగా ఒక్క గీత గీసి, పక్కన 'లేదు' అని రాసి, దాని కింద తన పేరు రాసింది. రాసి వచ్చి తన చోట కూర్చుని ప్లాస్టరు కలపసాగింది.

నాలుగున్నరకి ఓనరు వచ్చాడు. పెద్ద ఓనరు కొడుకు, నలభై ఏళ్ళవాడు, మంచివాడే. గదిలోకి వెళ్ళిన రెండు నిమిషాలకే కాగితం పట్టుకుని బయటికొచ్చాడు.

"మేస్త్రి గారూ, ఇందులో రెండు చేతిరాతలున్నాయేంటి?"

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కూతురి వైపు తిరిగాడు. షాపులో మోటార్లన్నీ ఒకటొకటిగా ఆగిపోయాయి.

"నేనే కొట్టేశాను సార్," అంది అమ్మాయి లేచి నిలబడి. "మేస్త్రి గారు నా మీద అభిమానంతో రాశారు. నాకు ఆ స్వభావం లేదు."

"కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదే," అని గొణిగాడు బాబాయి.

ఓనరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా. మనం ఇక్కడ కంపెనీలా ఉండం. కుటుంబంలా ఉంటాం."

"కుటుంబం ఇంటి దగ్గరుంది సార్. ఇక్కడ ఉద్యోగం."

మైనం అక్క నాలుక కరుచుకుంది.

"సరే, ఉద్యోగమే అనుకో. రేపు ఎవరికో పెళ్ళి. ఈ సాయంత్రం ముందు పన్ను విరిగిందని డాక్టరు ఫోన్ చేశాడు. అయిదైందని లేచి పోతావా?"

"పోను. ఆ మధ్య రెండుసార్లు అలాగే ఫోనొచ్చింది, రెండుసార్లూ ఉన్నాను. పని ఉంటే ఉంటాను సార్. పని లేకుండా ఉండను."

"సార్, ఒక్క మాట," అని బాబాయి చెయ్యెత్తాడు. అతనికి పరాయివాళ్ళ గొడవలో తలదూర్చే అలవాటు లేదు, ఆ రోజు ఏం పుట్టిందో. "సరిగ్గా కుదరలేదని డాక్టర్లు తిప్పి పంపిన డబ్బాలు ఆ అరలో ఉన్నాయి. అన్నీ చీకటి పడ్డాక ట్యూబులైటు కింద చేసినవే. ఈ అమ్మాయిది ఒక్కటీ లేదు. పగటి వెలుతురు ఉన్నంతసేపే చేస్తుంది కదా మరి."

ఓనరు ఆ అర వైపు ఆసక్తిగా చూశాడు. అమ్మాయికి దారి దొరికింది. ఆ దారిన వెళ్ళిపోతే గొడవ తీరిపోయేదే. వినండి, ఏమందో.

"థాంక్స్ బాబాయ్, కానీ నా కారణం అది కాదు. రేపు నా పని తిరిగొచ్చినా, పొద్దున్నే వచ్చి సరిచేస్తాను, సాయంత్రం అయిదింటికే వెళ్తాను. నేను బాగా చేస్తున్నాను కాబట్టి వెళ్ళనివ్వండి అని అడుక్కోవడం లేదు."

"మరి ఏమంటావు?"

"పని అయిపోయింది, వెళ్తున్నాను అంటున్నాను. అంతకంటే కారణం ఎందుకు సార్?"

"అందరూ ఉండట్లేదా అమ్మా? వీళ్ళకి మాత్రం ఇళ్ళు లేవా? వీళ్ళంతా పని లేకుండానే కూర్చుంటున్నారా?"

మైనం అక్క ఎదురుగా ఉన్న దవడలో పళ్ళు లెక్కపెడుతున్నట్టు వంగిపోయింది. అమ్మాయి ముందు రోజు మింగేసిన మాట ఈసారి మింగలేకపోయింది.

"అవును సార్. పని లేకుండానే. ఆరింటికి అయిపోయిన దవడని ఏడున్నరదాకా ఇటు తిప్పీ అటు తిప్పీ చూస్తుంటారు. మేస్త్రి గారు లేవలేదని."

"నోర్ముయ్!" మేస్త్రి బల్ల మీద చెయ్యేసి కొట్టాడు. ప్లాస్టరు దవడ ఒకటి కింద పడి రెండు ముక్కలైంది. "నన్నను, పడతాను. మా వాళ్ళ పని మీద మాత్రం మాట పడనివ్వను. నేను పొమ్మన్నా పోరు వాళ్ళు! చెప్పరా," అని బాబాయి వైపు తిరిగాడు. "చెప్పు ఓనరు గారికి. ఎందుకుంటారు మీరు?"

బాబాయి మైనం అక్క వైపు చూశాడు. ఆవిడ కొంగు సర్దుకుంది.

"మీరుంటే మేమెలా లేస్తాం మేస్త్రి గారూ?" అంది చివరికి ఆవిడే. "పెద్దవారు మీరు కూర్చుని ఉంటే, మేం చెప్పులేసుకుని ఎలా పోతాం?"

"వెళ్ళమన్నాను కదా!"

"తల ఎత్తి అనలేదు కదండీ."

మేస్త్రి ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చాడు. ఎవరూ ఆయన కళ్ళకి కళ్ళు కలపలేదు.

"పని మీద ప్రేమ అనుకున్నాను," అన్నాడు మెల్లగా. "మీరింతమంది కూర్చుని చేస్తుంటే పెద్దవాణ్ణి, నేను ముందు లేస్తే ఏం బావుంటుందని కూర్చున్నానురా నేను."

బాబాయి నోరు వెళ్ళబెట్టాడు. "అంటే, మా కోసమా మీరు కూర్చున్నది?"

నవ్వాల్సిన సంగతే. వీళ్ళ కోసం ఆయన, ఆయన కోసం వీళ్ళు, రోజుకి రెండున్నర గంటల చొప్పున ఇరవై ఆరేళ్ళు ఒకరికొకరు మర్యాద చేసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. బాబాయి మేనత్త ఆ మూడుసార్లూ అయ్యాక నిజంగానే పోయింది. ఆ రోజు నిజం చెప్పినా అబద్ధమనుకుంటారేమోనని ఏడున్నరదాకా కూర్చున్నాడు. అది అతను ఆ తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు.

మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. కోపం ఎక్కడికి పోయిందో, మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది.

"నువ్వు అనేదే నిజమైతే నా ఇరవై ఆరేళ్ళు ఏమైపోయినట్టే?"

అంతమంది ముందూ ఆమె మొట్టమొదటిసారి ఆ పిలుపు పిలిచింది. "నాన్నా, నువ్వు చేసిన పళ్ళతో ఎంతమంది తింటున్నారో, నవ్వుతున్నారో నీకే తెలీదు. ఆ పని ఎక్కడికీ పోలేదు. ఊరికే కూర్చున్న వేళ మాత్రం పోయింది. నాకూ బాధే. కానీ అది దండగ కాలేదని చూపించడానికి నా వేళ కూడా దాంట్లో పారబోయమంటే మాత్రం నా వల్ల కాదు."

ఆమె ఏడుస్తూనే అంది. ఏడుస్తున్నా మాట తడబడలేదు.

ఓనరు ఇబ్బందిగా కదిలాడు. ఆయనకి అంత గొడవ అక్కర్లేదు. "మేస్త్రి గారూ, ఎవరు కొట్టేసినా పక్కన మీ సంతకం లేకపోతే అది చెల్లదు. ఇదంతా దేనికి? ఇంకో ఫారం ఇస్తాను. మొదట రాసినట్టే రాయండి, అమ్మాయి బల్ల అమ్మాయికిచ్చేద్దాం. ఆ తర్వాత నిదానంగా అలవాటు పడుతుంది."

ఖాళీ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేస్త్రి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. ఒక దాంట్లో కూతురు కోరుకున్న బల్ల ఉంది. ఇంకో దాంట్లో కూతురు ఉంది. ఆమె వద్దనీ అనలేదు, ప్రాధేయపడనూ లేదు. గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. పళ్ళు మాత్రం బిగించుకుంది.

మేస్త్రి పెన్ను తీశాడు. కొట్టేసిన గీత పక్కన, 'లేదు' అన్న మాట దగ్గర, పొట్టి సంతకం పెట్టాడు.

"అయితే పర్మనెంటు కష్టం మేస్త్రి గారూ. రూలు మీకు తెలుసు."

"తెలుసు బాబూ. స్వభావం లేదని సంతకం పెట్టాను. పని రాదని పెట్టలేదు." ఆ తర్వాత ఆ ఖాళీ ఫారం తన వైపు లాక్కున్నాడు. పైన తన పేరు రాసుకున్నాడు. పనితనం, శుభ్రత, నడవడిక, మూడూ వదిలేసి, సూటిగా నాలుగో గడికి వెళ్ళి 'లేదు' అని రాసి ఓనరు చేతికిచ్చాడు. "ఇది నాది. నన్నెవరూ అడగలేదు బాబూ ఇన్నాళ్ళూ. ఇది నా స్వభావం కాదు. వట్టి అలవాటు."

ఓనరు ఆ కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. తండ్రి మీద విసుక్కోలేడు కాబట్టి కూతురి వైపు తిరిగాడు.

"సరే. ఇంకో ఆరు నెలలు చూస్తాం. బల్ల సంగతి ఆ తర్వాత."

సెరామిక్ బల్ల పోయింది. ఆ మాట చెవిన పడగానే అమ్మాయి కళ్ళు ఒక్కసారి ఆ కిటికీ వైపు వెళ్ళాయి. తర్వాత ఓనరు మొహం మీదకి వచ్చాయి.

"చూడండి సార్. బాగా చూడండి. కాకపోతే అయిదులోపు చూడాలి, ఆ తర్వాత కనిపించను."

ఓనరు వెళ్ళిపోయాడు. అమ్మాయి కింద పడ్డ దవడ ముక్కలు ఏరి బల్ల మీద పెట్టింది. బల్ల తుడిచి, చాకూ బ్రష్షూ సర్దింది. గడియారం అయిదు కొట్టింది. ఏప్రను విప్పింది.

ఈసారి బండి కదులుతోందని బాబాయి అనలేదు. అందరూ మేస్త్రి వైపు చూస్తూ కూర్చున్నారు.

"వెళ్ళండ్రా," అన్నాడు మేస్త్రి. ఈసారి తలెత్తే అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"ఇంకా ఏంటి?"

"మీరు లేవలేదు కదండీ," అంది మైనం అక్క, తప్పు చేసినట్టు.

మేస్త్రి తల కొట్టుకున్నాడు. బల్ల మీద రెండు చేతులూ ఆన్చి లేచాడు. అప్పుడు లేచారు అందరూ, కుర్చీలు ఒక్కసారిగా కిర్రుమన్నాయి. బాబాయి చెప్పులు కుడిఎడమలు చూసుకోకుండానే తొడుక్కుని మెట్లు దిగేశాడు. మైనం అక్క రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, మూడోసారి చూడకుండా వెళ్ళిపోయింది.

మేస్త్రి కిటికీ దగ్గర నిలబడిపోయాడు. కింద రోడ్డంతా ఎండలో ఉంది. స్కూలు పిల్లలు పోతున్నారు, ఎవరో మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆయన గోడకున్న సంచీ తీశాడు, మళ్ళీ తగిలించాడు, మళ్ళీ తీశాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలే?" అని అడిగాడు కూతుర్ని. నిజంగానే అడిగాడు.

అమ్మాయికి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోదామా అనిపించింది. తీసుకెళ్ళలేదు.

"నన్నడుగుతావేం నాన్నా? అది నీ సాయంత్రం," అంది. "నాది నాకుంది, బస్సు వచ్చేస్తోంది," అని మెట్లు దిగిపోయింది.